ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే ముందు అనుమానించాల్సింది మదర్‌బోర్డును కాదు, కీబోర్డును

పోయిన నెల మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అన్నా, ల్యాప్‌టాప్ పోయింది. షాప్‌లో చూపిస్తే మదర్‌బోర్డు కొట్టేసింది, 14 వేలవుతుంది అంటున్నారు. సోమవారం ప్రాజెక్ట్ రివ్యూ ఉంది" అని ఒకటే కంగారు. బీటెక్ ఫైనల్ ఇయర్. కోడ్, రిపోర్ట్ అన్నీ అందులోనే ఉన్నాయి. బ్యాకప్ ఉందా అని నేను అడగలేదు. ఉంటే అంత కంగారు పడేది కాదు కదా.

"స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది?" అని మాత్రం అడిగా. ఆన్ చేయగానే కంపెనీ లోగో వస్తోందట, వెంటనే ఏదో సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటోందట. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా విండోస్ రావట్లేదు, మళ్లీ అదే పేజీ. ఆ పేజీ పేరు బయోస్. మదర్‌బోర్డు నిజంగా చచ్చిపోతే బయోస్ ప్రతిసారీ అంత చక్కగా తెరుచుకోదు. "ఈ మధ్య కీబోర్డు మీద ఏమైనా ఒలికిందా?" అన్నాను. కాసేపు సైలెన్స్. "రెండు వారాల క్రితం కొంచెం టీ పడింది. కానీ వెంటనే తుడిచేశా అన్నా!"

తుడిచింది పైన మాత్రమే. లోపలికి దిగిన టీ ఎండిపోయినా అందులోని పంచదార, పాలు అక్కడే ఉండిపోతాయి. ఆ జిగురు వల్ల ఎఫ్2 కీ ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు సిగ్నల్ పంపుతోంది. ఆ మోడల్‌లో బయోస్‌లోకి వెళ్లే కీ అదే. పాపం కంప్యూటర్ చెప్పిన పనే చేస్తోంది, ఆన్ చేసిన ప్రతిసారీ.

కీబోర్డు దగ్గర బూట్ ఎందుకు ఆగుతుంది?

కంప్యూటర్ ఆన్ అవగానే విండోస్ కంటే ముందు తనను తాను చెక్ చేసుకుంటుంది. దీన్నే పోస్ట్, అంటే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్ అంటారు. ర్యామ్, డిస్‌ప్లేతో పాటు కీబోర్డు కూడా ఆ లిస్టులో ఉంటుంది. ఇది కొత్తదేం కాదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో కీబోర్డు సమస్య ఉంటే స్క్రీన్ మీద 301 అనే ఎర్రర్ నంబర్ వచ్చేది. కీబోర్డు జవాబు ఇవ్వకపోయినా, ఏదైనా కీ నొక్కుకుపోయి ఉన్నా సిస్టమ్ పట్టేసేది.

"కీబోర్డ్ నాట్ ఫౌండ్, ప్రెస్ ఎఫ్1 టు కంటిన్యూ" అనే పాత జోక్ మీరూ వినే ఉంటారు. కీబోర్డే లేకపోతే ఎఫ్1 ఎక్కడ నొక్కాలి అని అందరం నవ్వుకున్నాం. నిజానికి అందులో లాజిక్ ఉంది. కేబుల్ ఊడిపోయిందేమో చూసి, పెట్టి, అప్పుడు ఎఫ్1 నొక్కమని దాని అర్థం. కనీసం ఆ మెసేజ్ తప్పు ఎక్కడుందో చెప్పేది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఆ మాత్రం కూడా చెప్పవు. లోగో దగ్గర ఆగిపోతాయి, బీప్ కొడతాయి, లేదా మా చెల్లి ల్యాప్‌టాప్ లాగా బయోస్‌లోకి తోసేస్తాయి. చూసేవాళ్లు మదర్‌బోర్డు పోయిందనే అనుకుంటారు.

షాప్‌కి వెళ్లే ముందు ఇవి చూడండి

మొదట ఎక్స్‌టర్నల్ కీబోర్డు, మౌస్, డాంగిల్స్, పెన్‌డ్రైవ్‌లు అన్నీ పీకేసి ఆన్ చేయండి. డెస్క్‌టాప్ అయితే కీబోర్డు మీద పుస్తకమో, ప్లేటో పెట్టి ఉందేమో కూడా చూడండి. నవ్వొద్దు, అలాంటి కేసులు నేనే చూశాను. తర్వాత కీబోర్డును వేరే యూఎస్‌బీ పోర్టుకి మార్చండి. గుండ్రటి పిన్ ఉన్న పాత పీఎస్/2 కీబోర్డు అయితే సిస్టమ్ ఆఫ్ చేశాకే పీకడం, పెట్టడం చేయాలి.

రెండోది, క్యాప్స్‌లాక్ లైట్. కీ నొక్కినప్పుడు లైట్ వెలిగి ఆరుతోందంటే కీబోర్డు చెప్పేది సిస్టమ్ వింటోందన్నమాట.

మూడోది, బయోస్‌లో చేతులు తీసేసి ఊరికే చూడండి. సెలెక్షన్ దానంతట అదే కదులుతుంటే ఏదో కీ ఇరుక్కుంది.

నాలుగోది కాస్త ధైర్యం ఉన్నవాళ్లకి. ఛార్జర్ పీకి, వెనక కవర్ విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేయాలి. తర్వాత కీబోర్డు రిబ్బన్ కేబుల్ లాక్ మెల్లగా లేపి, కేబుల్ బయటకు తీయాలి. బ్యాటరీ మళ్లీ కలిపి, యూఎస్‌బీ కీబోర్డు పెట్టి ఆన్ చేయండి. విండోస్ వచ్చేసిందంటే దొంగ దొరికినట్టే. ఒక్క జాగ్రత్త: కొన్ని మోడల్స్‌లో పవర్ బటన్ కీబోర్డులోనే ఉంటుంది. అలాంటి వాటిలో కేబుల్ తీస్తే ఆన్ చేయడానికి బటనే ఉండదు. వారంటీ ఉన్నా, మీకు అలవాటు లేకపోయినా ఈ పని టెక్నీషియన్‌తోనే చేయించండి. కానీ "ముందు కీబోర్డు కేబుల్ తీసి చూడండి" అని మీరే అడగండి.

డెస్క్‌టాప్ బయోస్‌లలో "హాల్ట్ ఆన్" అనో, "వెయిట్ ఫర్ ఎఫ్1" అనో ఆప్షన్ ఉండొచ్చు. దాన్ని మారిస్తే కీబోర్డు ఎర్రర్ ఉన్నా బూట్ అవుతుంది. కీబోర్డు లేకుండా నడిపే సర్వర్‌కి అది పనికొస్తుంది. మామూలు వాడకంలో మాత్రం రోగం దాచినట్టే అవుతుంది.

ఇంత చెప్పడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి స్టోరేజ్ ఎన్‌క్రిప్షన్ ముందే ఆన్ అయి ఉంటుంది. దాని తాళం మదర్‌బోర్డు మీదుండే టీపీఎంతో ముడిపడి ఉంటుంది. బోర్డు మారిస్తే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో గానీ, మీరు రాసుకున్న కాగితంలో గానీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. అంటే కీబోర్డు పోయినందుకు మదర్‌బోర్డు మారిస్తే 14 వేలతో పాటు ప్రాజెక్ట్ కూడా పోయేది.

తప్పు కంపెనీలది, కొంత మాది కూడా

కేబుల్ తీయగానే విండోస్ వచ్చింది. మొదట చేసిన పని ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం. తర్వాత కొత్త కీబోర్డు కోసం అడిగితే అసలు విషయం బయటపడింది. విడి కీబోర్డు ధర 900. కానీ ఆ మోడల్‌లో కీబోర్డుని స్క్రూలతో కాకుండా ప్లాస్టిక్ కరిగించి సీ ప్యానెల్‌కి అతికించేశారు. ప్యానెల్‌తో కలిపి మార్చాలంటే 3,800 అన్నారు. ఒక్క ఎఫ్2 కీ కోసం!

సన్నగా, గట్టిగా ఉండాలంటే అలా అతికించక తప్పదని కంపెనీలు అంటాయి. టైప్ చేసేటప్పుడు డెక్ కుంగకపోవడం మంచిదే, ఒప్పుకుంటాను. కానీ దానికి ఇదొక్కటే మార్గం కాదు. 2021లో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ కూడా సన్నదే. దాని కింద ఐదు స్క్రూలు వదులు చేస్తే కీబోర్డు ఉన్న పై కవర్ లేచి వస్తుంది, కీబోర్డుని విడిగా కూడా అమ్ముతారు. రెండోవైపు యాపిల్ బటర్‌ఫ్లై కీబోర్డు చూడండి. 2015లో వచ్చింది, కీస్ ఇరుక్కుంటున్నాయని గోల మొదలై 2018లో ఫ్రీ సర్వీస్ ప్రోగ్రామ్ పెట్టాల్సి వచ్చింది. కీబోర్డు పోతే టాప్ కేస్‌తో పాటు బ్యాటరీ కూడా మార్చాల్సి వచ్చేది. చివరికి 2019లో పాత పద్ధతికే తిరిగొచ్చారు.

ఇక మా రివ్యూయర్ల సంగతి. నేనే ఎన్నో ల్యాప్‌టాప్‌ల గురించి రాశాను. కీ ట్రావెల్ బాగుంది, బ్యాక్‌లైట్ బాగుంది, టైపింగ్ స్మూత్‌గా ఉంది అన్నాను. ఆ కీబోర్డు పోతే ఏమవుతుందో ఒక్కసారి కూడా రాయలేదు. రోజంతా దెబ్బలు తినే పార్ట్ అది. టీ, చపాతీ ముక్కలు, దుమ్ము అన్నీ పడేదీ దాని మీదే. ఫ్రాన్స్‌లో 2021 నుంచి ల్యాప్‌టాప్‌లకి రిపేర్ స్కోర్ పదికి ఎంతో చూపించాలనే రూల్ వచ్చింది. మన దగ్గర షాప్‌కి వెళ్తే ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏంటి అని చెప్తారు. కీబోర్డు విడిగా వస్తుందా అంటే మొహం చూస్తారు.

ఇకపై నా ప్రతి ల్యాప్‌టాప్ రివ్యూలో మూడు విషయాలు ఉంటాయి: కీబోర్డు స్క్రూలతో ఉందా లేక అతికించారా, పవర్ బటన్ కీబోర్డులో ఉందా విడిగా ఉందా, కీబోర్డు మార్చడానికి ఎంతవుతుంది. మీరు కూడా కొనేముందు ఆ మోడల్ పేరుతో కీబోర్డు మార్చే వీడియో ఒకటి వెతికి చూడండి. పది నిమిషాల పని.

చెల్లి సోమవారం రివ్యూకి ల్యాప్‌టాప్‌తో పాటు 400 రూపాయల యూఎస్‌బీ కీబోర్డు పట్టుకుని వెళ్లింది. రివ్యూ బాగానే అయింది. సీ ప్యానెల్ ఇంకా మార్పించలేదు.