కట్టె మనది, కొలువు ఎవరిది?

శ్రీకాకుళం, విజయనగరం తీరంలో రైతు పెంచిన సరుగుడు లారీలెక్కి రాజమండ్రి కాగితం మిల్లుకు పోతుంది. కట్టె మనది, చెమట మనది. ఆ కట్టెను కాగితం చేసే యంత్రాల మార్కెట్టును ఏలేది మాత్రం ఫిన్లాండు వాల్మెట్, జర్మనీ వోయిత్, ఆస్ట్రియా ఆండ్రిట్జ్ కంపెనీలు.

మనకు చేతకాకనా? గుజ్జు ఉడికించే డైజెస్టరు అంటే ఆవిరి ఒత్తిడిని తట్టుకునే ఉక్కు పాత్రే కదా! అటువంటి పాత్రలు చేయడానికే 1966లో విశాఖలో బిహెచ్‌పివి పుట్టింది. ఎరువుల కర్మాగారాలకు, రిఫైనరీలకు ఇక్కడి వెల్డర్లు, ఫిట్టర్లు భారీ పరికరాలు చేసి పంపారు. నష్టాల్లో కూరుకుపోయిన ఆ సంస్థ 2008లో బిహెచ్‌ఇఎల్ చేతికి వెళ్లి, 2013లో అందులో కలిసిపోయింది.

ఉక్కు కథ మరీ విచిత్రం. 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న కర్మాగారంలో కడ్డీలు, వైరు రాడ్లు తయారవుతాయి. యంత్రాలకు కావలసిన ప్లేటు తయారు కాదు. అదే సంస్థ సొమ్ముతో రైలు చక్రాల ఫ్యాక్టరీ పెట్టించింది ఎక్కడ? రాయ్‌బరేలీలో! 2021లో అమ్మకానికి పెట్టి, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు. ఆ ఏడాదే తొలగింపులపై కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగాల్సి వచ్చింది.

దేశం పోకడా ఇదే. 2000 ప్రాంతంలో ఫ్యాక్టరీ కార్మికుల్లో ఐదుగురిలో ఒకరు కాంట్రాక్టు మనిషి. 2022-23 నాటికి వారు 40 శాతం దాటారని ప్రభుత్వ సర్వేయే చెబుతోంది. ఐటీఐ పట్టా చేతపట్టుకున్న మన కుర్రాడికి మిగిలింది గేటు పాసు, లేదంటే చెన్నై రైలు టిక్కెట్టు.

నష్టాలొస్తే కొలువులెలా ఇస్తామని పాలకులు అడుగుతారు. సొంత గనులివ్వకుండా ఉక్కు ఫ్యాక్టరీని నడపమన్నది ఎవరు? చేతులు కట్టేసి ఈత రాదంటే ఎలా?

మేమడిగేది దానం కాదు. విశాఖలో ప్లేటు మిల్లు పెట్టండి. కాగితం మిల్లుల పరికరాలు ఇక్కడి షాపుల్లో చేయించండి. 75 శాతం కొలువులు స్థానికులకేనని 2019లో చేసిన చట్టం ఎందరికి అన్నం పెట్టిందో లెక్క చెప్పండి. భూములిచ్చిన వాడి కొడుకు గేటు బయట నిలబడినంత కాలం ఈ ప్రశ్న ఆగదు.