సర్కారు బాకీ మన అప్పు ఎట్లయితది?

పోస్టు కొంచెం పొడుగుంది. ఫైనలియర్‌ల ఉన్నోళ్లు మాత్రం మొత్తం చదవండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, పైసలు కడితేనే టీసీ, మెమోలు ఇస్తమని ప్రైవేటు కాలేజీలు మన పిల్లలను తిప్పుతున్నయి. "కట్టి తీస్కపోరాదు, జాబ్ పోతది" అని మన సీనియర్లే సలహా ఇస్తున్నరు. నేను దీనికి ఒప్పుకోను. కన్వీనర్ కోటాలో సీటొచ్చి, ఈపాస్‌ల మంజూరైన ఎస్టీ విద్యార్థి ట్యూషన్ ఫీజు సర్కారు కట్టాలె. అది సర్కారుకు, కాలేజీకి మధ్యల ఉన్న లెక్క. 2025 నవంబరుల ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినప్పుడు మేనేజ్‌మెంట్లు ఏమన్నయి? సర్కారే మాకు బాకీ ఉందన్నయి. మరి మనం సర్టిఫికెట్ అడిగితే అదే బాకీ మన పేరు మీదికి ఎట్లొచ్చింది?

మా తిరుమలగిరి హాస్టల్ల ఒక అన్నను కాలేజీల 40 వేలు అడిగిన్రు. తండాల బ్యాంకు లోను ఎవరిస్తరు? మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 1,200, ఏడాదికి 14,400 మిత్తే. అమ్మానాన్న పత్తి ఏరిన కూలి అందుల్నే పోతది. రేపు సర్కారు పైసలు కాలేజీ ఖాతాల పడితే, మనం కట్టింది వాపస్ ఇస్తరా? రసీదు లేకుంటే అడిగే ముఖం కూడా ఉండదు.

చట్టం మన దిక్కే ఉంది. ఫీజు కోసం ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపొద్దని యూజీసీ 2018లనే చెప్పింది. 2023 యూజీసీ ఫిర్యాదుల నిబంధనల్లో సర్టిఫికెట్లు ఆపుకోవడం కూడా ఫిర్యాదు కిందికే వస్తది. (ఇంటర్ కాలేజీలకు ఇవి వర్తించవు.) ముందు కాలేజీ ఫిర్యాదుల కమిటీకి రాయాలె, అక్కడ కాకపోతే యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు. అదీ కాకపోతే హైకోర్టుల రిట్. వకీలు ఫీజు గురించి భయం వద్దు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇయ్యాలె. 15100కు ఫోన్ చేయొచ్చు, లేదా పురానీ హవేలీల ఉన్న లీగల్ సర్వీసెస్ ఆఫీసుకు పోవచ్చు. కన్స్యూమర్ కోర్టు అని కొందరు అంటున్నరు గని, చదువు "సేవ" కిందికి రాదని సుప్రీంకోర్టు తీర్పులున్నయి. ఆ దారిల టైం పోగొట్టుకోవద్దు.

నోటి మాట మాత్రం నడ్వది. లెటర్ ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు తీస్కోవాలె. తీస్కోకపోతే స్పీడ్ పోస్టుల పంపి ఆ చీటీ దాచుకోవాలె. బస్సు ఫీజు లాంటివి నిజంగ మనం కట్టేటివి ఉంటే కడదాం, ఎగ్గొట్టమని నేను చెప్తలేను. దానికి కూడా సర్టిఫికెట్ తాకట్టు కాదు. తప్పక ట్యూషన్ ఫీజు కట్టాల్సి వస్తే "రీయింబర్స్‌మెంట్ వచ్చినంక తిరిగి ఇస్తం" అని రసీదు మీద రాయించుకోండి.

కొత్తగ చేరే తమ్ముళ్లకు ఒక మాట. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ సీట్లకు రీయింబర్స్‌మెంట్ రాదు. "అంతా మేం చూస్కుంటం" అనే ఏజెంట్‌ను అలాట్‌మెంట్ ఆర్డర్ చూపెట్టమనండి.

బోయిన్‌పల్లి, కార్ఖానా, లోతుకుంట దిక్కు ఉన్నోళ్లు ఈ ఆదివారం మా హాస్టల్‌కు రండి, కూర్చొని లెటర్లు రాద్దాం. ఈపాస్ నంబరు, అలాట్‌మెంట్ ఆర్డర్, కాలేజీ కట్టించుకున్న రసీదులు ఏమున్నా జిరాక్స్‌లు తెచ్చుకోండి.