లింకు తోక తుంచి పంపుదాం

“దాచవలసినది మనకేముంది?” అంటున్న సోదరులతో మేము ఏకీభవించము. నమాజు వేళలు తెలిపే ‘ముస్లిం ప్రో’ యాప్ నుంచి వినియోగదారుల ఉనికి వివరాలు ఒక దళారీ సంస్థ ద్వారా అమెరికా రక్షణ గుత్తేదార్లకు చేరాయని 2020లో పత్రికలు బయటపెట్టాయి. నమాజులో దాచవలసినదేముంది? అయినా జాడ తీశారు.

జమాత్ గ్రూపులో మనం పంపే లింకుల్లోనూ జాడలుంటాయి. యూట్యూబ్ లింకు చివరి ‘ఎస్‌ఐ’, ఫేస్‌బుక్ తగిలించే ‘ఎఫ్‌బీసీఎల్‌ఐడీ’ వంటి గుర్తులు పంపినవారినీ తెరిచినవారినీ ముడివేసే వీలు కల్పిస్తాయి. ఆ గుర్తు మొదలు చివరిదాకా చెరిపి, లింకు తెరుచుకుంటున్నదని చూసుకొని పంపాలి.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. ఈ జాడతీతను కంపెనీలు మానాలి, ప్రభుత్వం మాన్పించాలి. అంతవరకు తోటివారి ఆనవాళ్లు మన చేతిలోని అమానత్. వాటిని పరులకు అప్పగించే హక్కు మనకు లేదు.