ఒక రోజుకు ఒకటే చూడండి

పంట చేతికి వచ్చి, బడులకు సెలవులు ఇచ్చిన రోజుల్లో మన నల్లగొండ జిల్లా పల్లెల నుంచి పట్నం పోయే బస్సుల్లో కాలు పెట్టే సందు వుండదు. పెళ్లిళ్లకు పోయేవారు కొందరు, ఆస్పత్రి పనిమీద పోయేవారు కొందరు. వీరికి తోడు పిల్లలకు జూ చూపించి తీసుకువద్దామని బయలుదేరే కుటుంబాలు ఏటా ఎన్నో. కూలి పోగొట్టుకుని, పాల డబ్బులో పత్తి డబ్బులో నాలుగు నోట్లు పక్కన పెట్టుకుని పోయే ప్రయాణమిది. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వచ్చే యీ ఒక్క రోజును ఎలా వాడుకోవాలన్నది చిన్న విషయం కాదు.

అయితే జరుగుతున్నదేమిటి? పట్నం పోతున్నాం కదా, ఎలాగూ ఖర్చు పెడుతున్నాం కదా అని పొద్దున జూ, మధ్యాహ్నం బొటానికల్ గార్డెన్, సాయంత్రం చార్మినార్, రాత్రికి ట్యాంక్‌బండ్ అని లెక్క వేసుకుంటారు. చివరకు రోజంతా బస్సుల్లోనూ ఆటోల్లోనూ గడిచిపోతుంది. పిల్లలు అలసి భుజాల మీద నిద్రపోతారు, ముసలివారు మోకాళ్లు పట్టుకుని కూర్చుంటారు. ఇంటికి వచ్చాక ఏం చూశావురా అని అడిగితే ట్రాఫిక్ చూశానని చెప్పవలసిన పరిస్థితి. ఒక రోజుకు ఒకటే చూడండి, చూసేది తీరిగ్గా చూడండి అని మేము చెప్పదలచాము.

పల్లె నుంచి వెళ్లేవారిలో చాలామందికి విడిది కృష్ణానగర్. అమీర్‌పేటకు, పంజగుట్టకు దాపున వున్న యీ బస్తీలో మన జిల్లావారు లేని సందు లేదంటే అతిశయోక్తి కాదు. మద్రాసులో వున్న తెలుగు సినిమా హైదరాబాదుకు తరలి వచ్చాక, సారథి స్టూడియోకూ అన్నపూర్ణ స్టూడియోకూ దగ్గరగా వుంటుందని వేషాల కోసం వచ్చినవారు, లైట్లు మోసేవారు, వంటలు చేసేవారు ఇక్కడ అద్దెలకు దిగారు. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులు నేర్చుకునే కుర్రాళ్లు కూడా ఇక్కడే గదులు తీసుకుంటారు. కొడుకునో, తమ్ముణ్ణో, మేనమామనో చూసి, ఆ రాత్రి అక్కడ తలదాచుకుని, తెల్లవారి జూకు పోవడం మనవారికి అలవాటు.

ఇక్కడ దిక్కులు తెలుసుకోవడం అవసరం. కృష్ణానగర్ నుంచి జూపార్కు దక్షిణంగా, పాతబస్తీ దాటి బహదూర్‌పురాలో, సుమారు 15 కిలోమీటర్ల దూరాన వుంది. బొటానికల్ గార్డెన్ పడమటి దిక్కున, హైటెక్ సిటీ దాటి కొత్తగూడ దగ్గర, సుమారు 10 కిలోమీటర్ల దూరాన వుంది. రెండూ ఒకే దారిలో లేవు. జూ నుంచి గార్డెన్‌కు పోవాలంటే పట్నం ఒక కొస నుంచి ఇంకో కొసకు పోవాలి. రద్దీ వేళల్లో ఆ దారికే గంటన్నర పడుతుంది. రెండింటినీ ఒకే పూటలో ముడివేయడం మిర్యాలగూడ సంతకూ దేవరకొండ సంతకూ ఒకే పొద్దున పోవడం లాంటిది.

నెహ్రూ జంతు ప్రదర్శనశాల సామాన్యమైన చోటు కాదు. మొదట పట్నంలో జంతువులు నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌లో వుండేవి. చోటు చాలక మీర్ ఆలం చెరువు పక్కన కొత్త పార్కు కట్టి, 1963 అక్టోబర్ 6న ప్రజలకు తెరిచారు. దాని విస్తీర్ణం 380 ఎకరాలు. అయిదేసి ఎకరాల రైతులు 76 మంది భూమి కలిపితే ఎంతో అంత. ఇంత చోటు కాలినడకన తిరగాలంటే ఒక పూట ఎక్కడ సరిపోతుంది? ఏనుగు, ఖడ్గమృగం, నీటిగుర్రం, జిరాఫీ, తెల్లపులి ఒక్కొక్కటి ఒక్కో మూల వుంటాయి. సింహాలను వాటి మానాన తిరగనిచ్చి, మనుషులను బండిలో కూర్చోబెట్టి చూపే సఫారీ 1974 నుంచి వుంది. కనుక లోపలికి పోగానే బోర్డు మీది పటం చూసి, ఇంటిల్లిపాదీ కలిసి అయిదారు జంతువులను ఎంచుకోవాలి. అన్నీ చూడాలన్న ఆశ వదులుకుంటే చూసినవి మనసులో నిలుస్తాయి.

వేళ కూడా ముఖ్యమే. ఎండ ముదిరితే మన గేదెలే చెట్టు నీడకు చేరతాయి. పులి మాత్రం ఎండలో ఎందుకు నిలబడుతుంది? ఉదయం ఎనిమిదిన్నరకు గేటు తెరుస్తారు. ఆ మొదటి రెండు గంటల్లో పెద్ద జంతువులను చూసేయాలి. ఎండపూట రాత్రించర జంతువుల ఇంట్లోకి పోవాలి. అక్కడ రాత్రిపూట దీపాలు వేసి, పగలు మసక చీకటి చేస్తారు. దానితో దేవాంగపిల్లి, పునుగుపిల్లి, గబ్బిలం వంటివి పగటినే రాత్రి అనుకుని మేలుకుని తిరుగుతాయి. దేవాంగపిల్లి పేరు విన్నవారేగాని కళ్లతో చూసినవారు మన పల్లెల్లో ఎంతమంది?

పాముల విభాగం దగ్గర పల్లెవారు మరికాస్త ఎక్కువసేపు ఆగాలి. ఇది వేడుక కోసం చెప్పే మాట కాదు. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు 2020లో లెక్క కట్టారు. వారిలో అత్యధికులు పల్లెవాసులు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపల, అంటే మనం దుక్కి దున్ని నాట్లు వేసే రోజుల్లోనే జరిగాయి. ప్రాణాలు తీసేవాటిలో ముఖ్యమైనవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఎలుకలను తిని రైతుకు మేలు చేసే జెర్రిపోతును మాత్రం కనిపించిన చోటల్లా కొట్టి చంపుతున్నాము. అద్దం అవతల పాము కదలకుండా వున్నప్పుడు బోర్డు చదివి, దాని తల ఎలా వుంది, మచ్చలు ఎలా వున్నాయి అని పిల్లలకు చూపించవచ్చు. పామును గుర్తు పట్టి పట్టుకోవడం ఎవరి పనీ కాదు. దూరంగా తప్పుకోవాలని, కాటు పడితే మంత్రగాడి ఇంటికి గాక ఆస్పత్రికి పరుగెత్తాలని అక్కడే చెబితే ఆ మాట పిల్లల బుర్రలో నాటుకుంటుంది.

బోనులో జంతువును చూడడానికి అంత దూరం పోవాలా, మనకు అడవి లేదా అని అడిగేవారు వున్నారు. నిజమే, మన జిల్లా దక్షిణాన వున్న అడవి కొంత ఆమ్రాబాద్ పులుల అభయారణ్యంలోనిదే. కాని ఆ అడవికీ యీ జూకూ సంబంధం వుంది. కుందేలంత వుండే మూషిక జింక మన అడవుల్లో అరుదైపోతే, 2010లో సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కలిసి జూలో దాని సంతతి పెంచడం మొదలుపెట్టారు. అలా పెరిగిన వాటిలో కొన్నింటిని 2017లో ఆమ్రాబాద్ అడవిలో వదిలారు. విత్తనం కరువైన వడ్లను ఒక మడిలో కాపాడి మళ్లీ పొలానికి ఇచ్చినట్లు జరిగిందన్నమాట. జూ అంటే పిల్లల వినోదమే అనుకునేవారు యీ సంగతి గమనించాలి.

ఇక బొటానికల్ గార్డెన్. మాజీ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు పెట్టిన యీ తోట 270 ఎకరాలకు పైబడి వుంది. కొత్తగూడ రిజర్వు అడవిలో భాగమది. చుట్టూ అద్దాల మేడలు, లోపల చెట్లు, బండరాళ్లు. చెట్లు చూడడానికి డబ్బులు పెట్టాలా అని పల్లెవారు నవ్వవచ్చు. అయితే ఒక మాట అడుగుతాము. మీ ఇంటి పిల్లవాడు ఇప్పచెట్టునూ మద్దిచెట్టునూ వేరుపరచి చెప్పగలడా? తాని, కరక్కాయ, మోదుగ, మారేడు ఆకులు చేతికిస్తే గుర్తు పడతాడా? గట్ల మీద చెట్లు కొట్టేశాక పల్లె పిల్లలకు కూడా చెట్టంటే వేప, తుమ్మ తప్ప తెలియని రోజులు వచ్చాయి. అక్కడ మాస్టరు మీ నాయనమ్మే. ఏ ఆకు విస్తరికి, ఏ బెరడు మందుకు, ఏ కొయ్య నాగలికి అన్నది ఆమెకు తెలిసినంత బోర్డుకు తెలియదు. ముసలివారిని ఇంటి కాపలాకు వదిలిపెట్టి పోయే అలవాటును తోటకు పోయే రోజైనా మానుకోవాలి.

చెట్టు విలువ పట్నానికీ తెలిసి వస్తున్నది. అదే వైపున కంచ గచ్చిబౌలిలో చెట్లు నరికివేస్తుంటే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకుని ఆపవలసి వచ్చింది. కోర్టు దాకా పోయి కాపాడుకోవలసినంత అరుదైనది పట్నంలో చెట్టు. మన గట్టు మీది చెట్టు అంత అరుదు కాకముందే మేలుకోవడం మంచిది.

ఇప్పుడు ప్రయాణం ఏర్పాట్ల సంగతి. జూకు సోమవారం సెలవు. అంత దూరం పోయి మూసిన గేటు చూసి తిరిగి రావడం కంటే బాధ ఏముంటుంది? ఆదివారం, కనుమ, రంజాన్ వంటి పండుగ రోజుల్లో తొక్కిసలాటగా వుంటుంది గనుక మంగళవారం నుంచి శుక్రవారం లోపల పోవడం మేలు. నల్లగొండ నుంచి వంద కిలోమీటర్ల దారి. మొదటి బస్సు అందుకుంటే పొద్దున్నే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ చేరవచ్చు. అక్కడి నుంచి పురానాపూల్ మీదుగా జూ దగ్గరే. జూకే పోదలచినవారు కృష్ణానగర్ దాకా పోయి వెనక్కు రావడం దండగ. చుట్టాలను సాయంత్రం చూడవచ్చు. బస్‌స్టేషన్ నుంచి మెట్రోలో అమీర్‌పేట, అక్కడ మారి యూసుఫ్‌గూడ దిగితే కృష్ణానగర్ నడిచే దూరం. మర్నాడు ఓపిక వుంటే అదే మెట్రోలో హైటెక్ సిటీ దిగి, ఆటోలో గార్డెన్‌కు పోవచ్చు.

ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి. 2025 మార్చి నుంచి జూ ప్రవేశ రుసుము పెద్దలకు 100 రూపాయలు, పిల్లలకు 50 రూపాయలు చేశారు. భార్యాభర్తలు, ముసలామె, ఇద్దరు పిల్లలు అయితే గేటు దగ్గరే 400. సఫారీ, రైలుబండి, బ్యాటరీ బండి వేరే. ముసలివారు, చంటిపిల్లలు వుంటే బ్యాటరీ బండికి డబ్బు వెనకాడవద్దు. రేట్లు మారుతుంటాయి, బయలుదేరే ముందు కనుక్కోవాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ కార్డు మరచిపోరాదు.

సద్ది ఇంటి నుంచే కట్టుకుపోండి. ప్లాస్టిక్ సంచులను లోపలికి రానివ్వరు గనుక స్టీలు గిన్నె, స్టీలు చెంబు మంచిది. కొత్త చెప్పులు తొడిగితే సగం దారిలోనే పిల్లలు ఏడుస్తారు, పాతవే తొడగండి. ప్రతి పిల్లవాడి జేబులో తండ్రి ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. మధ్యాహ్నం మూడు దాటాక తిరుగుముఖం పడితే చీకటికి ముందే దారిలో పడవచ్చు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. కోతులకు పల్లీలు విసరడం, పులిని లేపడానికి రాళ్లు వేయడం, కేకలు పెట్టడం మనవారిలో కొందరికి సరదా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జూలో జంతువును ఏడిపించడం, దానికి మేత పెట్టడం కూడా నేరమే. చట్టం సంగతి అలా వుంచినా, మన కొట్టంలో కట్టేసిన ఎద్దు మీద దారిన పోయేవాడు రాయి వేస్తే ఊరుకుంటామా? కట్టేసిన జీవి పట్ల ఎలా వుండాలో పశువులతో బతికే పల్లెవారే పట్నంవారికి నేర్పాలి.

ఆర్టీసీ అధికారులకూ ఒక విజ్ఞప్తి. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ బస్టాండ్లలో ఒక్కొక్క బోర్డు రాయించండి. జూకు ఏ రోజు సెలవు, టికెట్ ఎంత, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో ఏ నంబరు బస్సు ఎక్కాలి అన్న మూడు ముక్కలు చాలు. డబ్బా రంగు ఖర్చుతో ఎన్నో కుటుంబాల కూలి డబ్బు వృథా కాకుండా వుంటుంది. సెలవుల్లో వారానికి ఒక్క రోజైనా జిల్లా నుంచి నేరుగా జూ గేటుకు బస్సు వేస్తే బస్సు నిండుతుందనడంలో సందేహం లేదు. ఉపాధ్యాయులు కూడా విహారయాత్రలకు ఒక రోజుకు ఒకే చోటు అన్న నియమం పెట్టుకోవాలి.

తిరిగి వచ్చిన రాత్రి పిల్లలను కూర్చోబెట్టి చూసిన వాటిలో అయిదు పేర్లు చెప్పమనండి. చెప్పగలిగితే పెట్టిన డబ్బుకు ఫలితం దక్కినట్లే. మిగిలినది వచ్చే ఏడాదికి వుంచండి. పట్నం ఎక్కడికీ పోదు.