బొల్లి అంతా ఒకటే కాదు

సంపాదకులకు,

చేపలు, పాలు కలిపి తింటే బొల్లి వస్తుందన్న అపోహను గత సంచికలోని వ్యాసం బాగానే కొట్టిపారేసింది. కానీ తెల్లమచ్చలన్నిటినీ ఒకే గాటన కట్టేసింది. చిక్కంతా అక్కడే.

వేళ్ల కణుపులు, మోకాళ్లు, పెదవుల చుట్టూ, ఒంటికి రెండు పక్కలా పాకేది ఒక రకం. కుటుంబంలో ఎవరికైనా ఉండటం, థైరాయిడ్ జబ్బు దీనితో ముడిపడి ఉంటాయి. డాక్టర్లు థైరాయిడ్ పరీక్ష రాసేది అందుకే. గీరుకుపోయిన గీత వెంబడే కొత్త మచ్చ తేలడమూ ఇందులో ఎక్కువ.

రెండోది సెగ్మెంటల్ బొల్లి. తరచుగా చిన్నతనంలోనే, ఒక పక్కనే మొదలవుతుంది. ఏడాది రెండేళ్లు జోరుగా పాకి, చాలామందిలో ఆగిపోతుంది. మచ్చ పడిన చోట కనుబొమ వెంట్రుకలూ త్వరగా తెల్లబడతాయి. ఆగాక చర్మం అతికించే శస్త్రచికిత్సకు బాగా లొంగేది ఇదే. 2022లో అమెరికా అనుమతించిన రుక్సోలిటినిబ్ క్రీమ్ మాత్రం మొదటి రకానికే.

ఇక నుదుట సరిగ్గా స్టిక్కర్ బొట్టంత మచ్చ! అది జిగురులోని పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ పని కావచ్చు. రబ్బరు చెప్పుల పట్టీల కింద వచ్చే మచ్చలూ ఆ కోవవే. వ్యాసంలో వీటి ఊసే లేదు. మచ్చ చూసి పెళ్లి సంబంధాలు తప్పించే మన ఇళ్లలో ఈ తేడా చిన్నదేమీ కాదు.

వచ్చే సంచికలో చర్మవైద్యుల చేత రకాలవారీగా రాయించాలని మనవి.

– ఒక పాఠకురాలు, వరంగల్