నరికిన చెట్టు మొద్దు ఎవరి పని?

చెట్టు నేలగూలినంతనే పని తీరినదని తలంచుట మన తోటలలో పాత అలవాటు. దుంగ లారీ యెక్కును, కొమ్మలు వంటచెరకగును, మేస్త్రి లెక్క వ్రాసికొని పోవును. భూమిలో మిగిలిన మొద్దు మాత్రము ఎవరి లెక్కలోను చేరదు. ప్రియ పాఠకులారా, ఆ లెక్కలో చేరని మొద్దును గూర్చియే నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సింగపూరు దీవిలో యూ టీ అను చోటు గలదు. తియోచ్యూ భాషలో ఆ పేరునకు నూనె గుంట యని యర్థము. 1942 మొదలు 1945 వరకు జపానువారు ఆ దీవిని ఏలిన దినములలో అచ్చట నూనె నిలువచేసిరనియు, పేరు అందుచేతనే వచ్చెననియు చెప్పుదురు. దీవి యొక్క ఆ వాయవ్య భాగమున మొదట మిరియము, గాంబీరు, ఆ పిమ్మట రబ్బరు పెరిగినవి. నేడు చూడబోయిన అచ్చట 1996లో తెరచిన రైలు స్టేషనును, ఎత్తైన మేడలును తప్ప తోట కానరాదు. అయినను మొద్దును గూర్చిన పాఠమును మలయా తోటలు మొట్టమొదట నేర్చినది ఆ దీవిలోనే.

1888లో సింగపూరు ఉద్యానవనమునకు అధికారిగా రిడ్లీ దొర వచ్చెను. రబ్బరు చెట్టును చావకుండ గీయు పద్ధతిని నేర్పినవాడని ఆయనను తోటలవారు ఎరుగుదురు. ఆయన కాలముననే కొబ్బరి తోటలను కొమ్ముపురుగు పాడుచేయసాగెను. ఆ పురుగు చెట్టు మొవ్వును తొలచి లేత ఆకును కోయును. దాని పిల్లలు పెరుగునది మాత్రము పచ్చని చెట్టులో కాదు. కుళ్లిన మొద్దులోను, పడియున్న దుంగలోను, పెంటకుప్పలోను. కావున 1890లో ప్రభుత్వమువారు కొబ్బరి చెట్లను కాపాడుటకై చట్టము చేసి, చచ్చిన చెట్లను, మొద్దులను నిర్మూలము చేయుట తోట యజమానుని విధిగా నిర్ణయించిరి. గమనింపుడు: కూలివాని విధి కాదు, యజమానుని విధి.

1904లో అదే ఉద్యానవనమున రబ్బరు చెట్లకు తెల్లవేరు తెగులు కనబడెను. ఇది బూజు జాతి తెగులు. నరికిన మొద్దు పచ్చిగా నుండగా గాలిలోని విత్తనపు ధూళి దాని కోతపై వ్రాలి, లోనికి దిగి, వేళ్లవెంట ప్రాకును. తెల్లని దారముల వలె వేరు బెరడుపై అల్లుకొనును. ప్రక్కన నాటిన లేత చెట్టు వేరు ఆ పాత వేరును తాకినంతనే దానికిని అంటును. రెండు మూడేండ్ల చెట్టు ఆకులు పసుపుబారి, ఒకనాడు గాలికి ఒరిగిపోవును. మొద్దు మొదట నారింజ పసుపు రంగు పుట్టగొడుగులు పళ్లెముల వలె కనబడినచో కాలము మించినదని యెరుగవలెను. తండ్రి నరికిన చెట్టు తెగులు కొడుకు గీయు చెట్టును చంపుచున్నది. రబ్బరు తోటకు ఆయువు ఇరువదియైదు ముప్పది యేండ్లు గనుక ఇది అతిశయోక్తి గాదు. భూమిలో పూడిన కట్టెను ఆశ్రయించు చెదలును ఇట్లే బ్రదికియున్న రబ్బరును తినును.

అయినచో ప్రతి మొద్దును పెకలింపవలెనా? మా యభిప్రాయము అట్లు గాదు. చదునైన నేలలో పెకలించుటయే మేలు. ఏటవాలు నేలలో పెకలించినచో వానకు మన్ను కొట్టుకొని పోవును. మన్ను పోయిన తోట తెగులు తగిలిన తోటకన్న హీనము. అచ్చట చెట్టును నరుకుటకు ముందే బెరడును చుట్టును వలిచి కొన్ని మాసములు విడువవలెను. ఆకు చేయు ఆహారము వేరునకు దిగదు. వేరు క్షీణించి, హానిలేని బూజులచే త్వరగా కుళ్లును. ఆఫ్రికాలోని న్యాసాలాండు తేయాకు తోటలలో 1930ల యందు ఈ ఉపాయమును పరీక్షించి మేలు కనుగొనిరి. నరికిన పిదప చిక్కుడు జాతి తీగలను నేలపై అల్లించినచో తడి నిలిచి మొద్దు శీఘ్రముగా మన్నగును. దీనికి కావలసినది ధనము కాదు, ముందుచూపు. తొందరపడి నాటువానికే ఇది కష్టము.

విషము మాట వేరుగా చెప్పవలెను. పూర్వము మలయా తోటలలో ముసలి రబ్బరు చెట్లను, లాలాంగు గడ్డిని చంపుటకు సోడియం ఆర్సెనైటు అను పాషాణమును వాడిరి. అది పశువును, మనుష్యుని యెరుగదు. నేడు ట్రైక్లోపిర్ వంటి మందులు వచ్చినవి. పాషాణముతో పోల్చిన ఇవి మెత్తనివే. అయినను మందు మెత్తనిదని చేతితొడుగు ఈయని యజమానుని మాట వినవలదు. మందు పూసిన డబ్బాలో స్త్రీలు నీళ్లు మోయుట, ఆ మొద్దుల పేళ్లను పొయ్యిలో పెట్టుట ఎట్టి తోటలోనైనను తగదు. వంటచెరకు కావలెనన్న మందుకు ముందే కొట్టుకొనవలెను.

ఇక కూలి. నరకుటకు ఒక రేటు వ్రాయుదురు, నాటుటకు ఒక రేటు వ్రాయుదురు. నడుమ గునపము పట్టి వేరు త్రవ్వు దినములను ‘శుభ్రము చేయుట’ యను పేర ఊరక గడపుదురు. గట్టి చెట్టు మొద్దును పెకలించుట నరకుటకన్న బరువైన పని. దానికి ప్రత్యేకముగ రేటు అడుగుట దురాశ కాదు. రేటు లేని పని సగమే జరుగును. సగము త్రవ్విన మొద్దు వలన పూర్తిగా విడిచిన మొద్దుకున్నంత కీడే గలదు.

మన పూర్వుల ఊళ్లయందును ఇదే కథ నడచినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానములో లెక్కకు మిక్కిలిగా కొబ్బరి చెట్లను కూల్చెను. కూలిన దుంగలును మొద్దులును కుళ్లుచున్న చోట కొమ్ముపురుగునకు ఇల్లు సిద్ధమైనట్లే. నష్టపరిహారమును పోయిన చెట్టునకు లెక్కించిరి గాని, నేలను తిరిగి బాగుచేయుటకు పట్టు శ్రమను గూర్చి మాటలాడినవారు తక్కువ.

లైను ఇండ్ల వెనుక నున్న రెండు మూడు కొబ్బరి మొద్దులను ఈ వానలకు ముందే చీల్చి యెండబెట్టుడు. అందులో తెల్లని లావుపాటి పురుగులు చుట్టుకొని కనబడినచో ఏరి కోళ్లకు వేయుడు. అవి మిక్కిలి ప్రీతితో తినును.