మాట ఆలస్యమైతే చెవి చూపించండి

సూరత్‌లోని మన తెలుగు ఇళ్ళలో బిడ్డకు మాటలు ఆలస్యమైతే, ఇంట తెలుగు, వీధిలో గుజరాతీ విని తికమకపడుతున్నాడని సరిపెట్టుకుంటాము. లింబాయత్ మరమగ్గాల వాడలలో రెండు భాషలూ అవలీలగా మాట్లాడే తెలుగు పిల్లలెందరో! ముందుగా అనుమానించవలసినది చెవినే అంటాము మేము. పసివారిలో మధ్యచెవినీ గొంతునూ కలిపే నాళం పొట్టిగా, ఇంచుమించు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే సులువుగా మూసుకుపోయి చెవి చీము పట్టవచ్చు. నొప్పి, జ్వరం తగ్గినా కర్ణభేరి వెనుక ద్రవం నిలిచిపోవచ్చు. అప్పుడు తలుపు చప్పుడుకు ఉలిక్కిపడే బిడ్డకే తల్లి మెల్లగా పలికే మాట మందంగా వినిపిస్తుంది. చాలామందిలో ఆ ద్రవం దానంతటదే ఇంకిపోతుంది. 3 నెలలైనా పోకుంటే వినికిడి పరీక్ష చేయించాలి. పడుకోబెట్టి సీసాపాలు పట్టరాదు. అమ్మమ్మలు మన్నింతురుగాక, చెవిలో వెచ్చని నూనె అసలే పోయరాదు.